బరువు ఎక్కడ దించాలి?

ఆర్‌సీ క్రాలర్లు కట్టేవాళ్ల కబుర్లలో గ్రాముల లెక్క ముందు వస్తుంది. ఎవరి బండి ఎంత తూగుతుంది, ఎవరు ఎన్ని గ్రాములు దించారు, ఏ స్క్రూ మార్చారు అన్నదే మాట. చిత్రమేమిటంటే, రాతి మీద బండి ఏ వాలు దగ్గర జారుతుందో, ఏ వాలు దగ్గర వెల్లకిలా పడుతుందో తేల్చే లెక్కల్లో బరువు ప్రస్తావనే ఉండదు. సమీకరణానికి రెండు పక్కలా ఉండి కొట్టుకుపోతుంది. ఒకే పోలికలో కట్టిన కిలోన్నర బండీ మూడు కిలోల బండీ ఒకే కోణం దగ్గర తలకిందులవుతాయి. అలాంటప్పుడు పోటీకి తేలిక బండి కట్టాలన్న తపనకు అర్థమేమిటి? అమెరికాలో ఒకే కంపెనీ మూడు నాలుగేళ్ల తేడాతో తెచ్చిన రెండు బండ్లను పక్కపక్కన పెట్టి చూస్తే దీనికి జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

ముందు ఆట సంగతి. రాక్ క్రాలింగ్ అంటే కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రెయిల్, యూటా రాష్ట్రంలోని మోయాబ్ లాంటి చోట్ల పెద్ద జీపులతో బండరాళ్ల మీద పాకించే ఆట. దాన్ని పదో వంతుకు కుదించి రిమోట్ చేతికిస్తే ఆర్‌సీ క్రాలర్. వేగంతో పని లేదు, మనిషి పక్కనే నడుస్తూ నడిపిస్తాడు. రాళ్ల మధ్య జంటలుగా గుర్తులు పాతి గేట్లు పెడతారు, వాటి నడుమ నుంచి బండి పోవాలి. గోల్ఫులో లాగా తక్కువ స్కోరు వచ్చినవాడిదే గెలుపు. అమెరికా ఆర్‌సీ క్రాలర్ సంఘం నిబంధనల్లో వెనక్కి వేస్తే ఒక పాయింటు పడుతుంది, గేటు గుర్తు తగిలితే పది. 2.2 అంగుళాల రిమ్ముల తరగతిలో ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ దూరం 12.5 అంగుళాలు, అంటే దాదాపు 317 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ చివరి అంకెను గుర్తుంచుకోండి, తరవాతి లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి.

ఈ తరగతి కోసం యాక్సియల్ కంపెనీ 2007లో ఏఎక్స్10 స్కార్పియన్ తెచ్చింది. అంతకుముందు క్రాలర్ కావాలంటే మాన్‌స్టర్ ట్రక్కుల ఇరుసులు ఊడదీసి, అల్యూమినియం రేకులు కోసి, ఎవరికి వారు కట్టుకోవలసిందే. స్కార్పియన్‌తో అది పెట్టెలో దొరికే వస్తువైంది. దీని నిర్మాణం నిజమైన జీపు సంప్రదాయమే. నడుమ ఒక మోటారు, దాని కింద గేర్ల పెట్టె, అక్కడి నుంచి ముందుకొకటి వెనక్కొకటి డ్రైవ్ షాఫ్టులు. ఈ జాతిని ఆటగాళ్లు ‘షాఫ్టీ’ అంటారు. కొన్నేళ్లకు అదే కంపెనీ ఎక్స్ఆర్10 తెచ్చింది. ఇందులో గేర్ల పెట్టె లేదు, షాఫ్టులు లేవు. ఇరుసుకొక మోటారు చొప్పున రెండు మోటార్లు నేరుగా ఇరుసుల మీదే కూర్చుంటాయి. దీన్ని ‘ఎంఓఏ’ అంటారు, అంటే ఇరుసు మీది మోటారు. ఆలోచన కొత్తదేమీ కాదు, 1987లోనే టమియా వారి క్లాడ్ బస్టర్ ఇరుసుకో మోటారుతో వచ్చింది. ఆ బొమ్మ ట్రక్కు ఇరుసులే చాలాకాలం ఇంట్లో కట్టుకున్న క్రాలర్లకు మూలధనం. ఎక్స్ఆర్10 చేసిన పని ఆ ఇరుసును పోటీ కొలతలకు తగ్గట్టు నాజూకుగా మలచడం.

రెండింటినీ పక్కన పెడితే మొదట కనిపించే తేడా మెలిక. షాఫ్టీలో మోటారు బలమంతా బండి పొడుగునా తిరిగే షాఫ్టు గుండా పోతుంది. షాఫ్టు ఇరుసును ఒక దిశలో మెలిపెడితే ఛాసిస్ ఎదురు దిశకు ఒరుగుతుంది. నిటారు రాయికి బండి మూతి ఆనించి థ్రాటిల్ ఇవ్వగానే ఒక పక్క లేచి, ముందు చక్రాల్లో ఒకటి పట్టు వదిలేస్తుంది. టార్క్ ట్విస్ట్ అని దీనికి పేరు. ఎంఓఏలో మోటారు ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది, దాని ఎదురుదెబ్బ ఇరుసు తిరిగే దిశలోనే పుట్టి, ఇరుసును ఛాసిస్‌కు కలిపే లింకుల మీద పడుతుంది తప్ప బండిని పక్కకు ఒరగనివ్వదు. అందుకే ఎక్స్ఆర్10 రాయెక్కుతుంటే చూడటానికి ఎంతో నిబ్బరంగా ఉంటుంది. స్కార్పియన్ అదే రాయి మీద కాస్త భుజం ఎగరేస్తుంది.

బండి తేలికైతే ఈ మెలిక తగ్గుతుందని చాలామంది అంటారు. సగం నిజం. బరువు సగమైతే ఎక్కడానికి కావలసిన టార్కూ సగమవుతుంది, నిజమే. కానీ లేచే పక్కను అణచి ఉంచేది కూడా ఆ బరువే కదా, అదీ సగమైంది. నిష్పత్తి ఎక్కడిదక్కడే ఉంది. మెలికను నిజంగా తగ్గించే మార్గం గేర్ల తగ్గింపును గేర్ల పెట్టెలో కాక ఇరుసులో ఎక్కువగా పెట్టడం. అప్పుడు షాఫ్టు వేగంగా, తక్కువ టార్కుతో తిరుగుతుంది. 2017లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4, 2019లో యాక్సియలే తెచ్చిన కాప్రా, రెండూ చక్రం పక్కన మరో జత గేర్లుండే పోర్టల్ ఇరుసులతో చేసింది ఇదే. మొదటి స్కార్పియన్‌కు ఆ సుఖం లేదు.

ఇక అసలు పోలికకు వద్దాం. వెనక్కి పడే కోణాన్ని రెండే కొలతలు నిర్ణయిస్తాయి. గరిమనాభి నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, వెనక చక్రం నేలను తాకే చోటుకు ఎంత ముందుంది. ఎత్తు తగ్గినా, ముందుకు జరిగినా లాభమే. గట్టు ఎక్కేటప్పుడు ఎడ్లబండి తోలేవాడు కాడి మీదికి ముందుకు జరిగి కూర్చునేది ఈ లెక్క తెలిసే.

ఒక నమూనా షాఫ్టీని కాగితం మీద కడదాం. ఇరుసులు, చక్రాలు కలిపి 1100 గ్రాములు, వాటి నాభి నేల నుంచి 70 మిల్లీమీటర్ల ఎత్తున. పైన ఛాసిస్, మోటారు, గేర్ల పెట్టె, బ్యాటరీ, బాడీ కలిపి 900 గ్రాములు, 140 మిల్లీమీటర్ల ఎత్తున. మొత్తం రెండు కిలోల బండి, గరిమనాభి దాదాపు 101 మిల్లీమీటర్ల దగ్గర. బరువు ముందూ వెనకా సమంగా ఉంటే 57 డిగ్రీల వాలు మీద వెల్లకిలా పడుతుంది.

దీన్ని బాగుచేయడానికి రెండు దారులున్నాయి. ట్రెయిల్ బండ్లవాళ్లకు ప్రీతిపాత్రమైనది ఇత్తడి దారి. ఇరుసుల దగ్గర 400 గ్రాముల ఇత్తడి బిగిస్తే నాభి 96 మిల్లీమీటర్లకు దిగుతుంది, కోణం 59 డిగ్రీలు దాటదు. రెండోది తీసివేత దారి. అదే 400 గ్రాములు పైనుంచి తీసేస్తే నాభి 92కు దిగుతుంది, కోణం 60. అంటే అంతే బరువుతో తీసివేత, కూడిక కన్నా దాదాపు రెట్టింపు దించింది. పైగా ఒక బండి 2400 గ్రాములైంది, మరొకటి 1600. పైన మిగిలిన 500 గ్రాములను కూడా 140 నుంచి 110 ఎత్తుకు కిందికి తోస్తే నాభి 82.5 దగ్గర ఆగుతుంది, కోణం అరవై రెండున్నరకు చేరుతుంది. గేర్ల పెట్టె పడుకోబెట్టడం, స్కిడ్ ప్లేటు పల్చన చేయడం, బ్యాటరీని ముందు ఇరుసు మీదికి తేవడం వంటి తిప్పలన్నీ ఆ ముప్పై మిల్లీమీటర్ల కోసమే.

ఇప్పుడు ఎంఓఏను అదే తక్కెడలో పెడదాం. మోటార్లు ఇరుసుల మీదే ఉన్నాయి కాబట్టి కింద 1400 గ్రాములు, పైన స్పీడ్ కంట్రోలర్లు, బ్యాటరీ, ఎముకల గూడు లాంటి ఛాసిస్ కలిపి 500 గ్రాములు, 130 ఎత్తున అనుకుందాం. నాభి 86 మిల్లీమీటర్లు. చెమటోడ్చకుండానే షాఫ్టీ ఆఖరి మజిలీ దరిదాపుల్లో ఉంది. ఎక్స్ఆర్10 పుట్టుకతోనే కింద కూర్చున్న బండి. దాని మీద తేలిక పిచ్చి ప్రయోగిస్తే ఏమవుతుందో చూడండి. పైనుంచి 200 గ్రాములు తీయగలిగితే అయిదు మిల్లీమీటర్లు దిగుతుంది, అంతకు మించి తీయడానికి పైన పెద్దగా ఏమీ లేదు. ఉత్సాహం ఆగక ఇరుసుల నుంచి, చక్రాల నుంచి 300 గ్రాములు చెక్కేస్తే నాభి దాదాపు 89కి పైకి లేస్తుంది. తూకం చూసి మురిసిపోయేవాడికి రాయి మీద బుద్ధొస్తుంది.

నా వాదన ఇక్కడుంది. తేలిక బండి కట్టడం షాఫ్టీ విద్య. ఎంఓఏకు దానితో పెద్దగా పని లేదు. షాఫ్టీలో బరువు నడుమ, పైన పోగుపడి ఉంటుంది గనుక తీసిన ప్రతి గ్రామూ నాభిని దించుతుంది. ఎంఓఏ రూపశిల్పి ఆ పనిని గీత గీసేటప్పుడే ముగించేశాడు. కాబట్టి షాఫ్టీవాళ్లూ ఎంఓఏవాళ్లూ ‘లైట్‌వెయిట్’ అన్న ఒకే మాట వాడినా వాళ్లు మాట్లాడేది ఒకటి కాదు.

అందుకే తేలిక షాఫ్టీని చూసేటప్పుడు ఎంత తీశారని కాక ఎక్కడ తీశారని చూస్తాను. పక్క ప్లేట్లు అల్యూమినియం నుంచి కార్బన్ ఫైబర్‌కు మార్చడం సబబు. ఘన సెంటీమీటరుకు అల్యూమినియం 2.7 గ్రాములైతే కార్బన్ ఫైబర్ పలక దాదాపు 1.6. పై లింకులు ప్లాస్టిక్కో కార్బన్ గొట్టమో అయితే చాలు. కింది లింకుల సంగతి వేరు. రాయి మీద ఒరుసుకుంటూ జారేవి అవి, వంగకూడదు, పైగా అవి నాభి కన్నా కింద ఉంటాయి, వాటిలో టైటానియమో ఉక్కో ఉన్నా నష్టం లేదు. డెల్రిన్ అనే నున్నటి ప్లాస్టిక్ వాడితే రాయి మీద జారుడు బాగుంటుందన్న వాదనలో బలముంది, కానీ అది తేలికతనం పద్దులో రాయవలసిన సుగుణం కాదు. ఇరుసులో ఉక్కు స్క్రూలు పీకి టైటానియం స్క్రూలు బిగించేవాళ్లను చూస్తే మాత్రం జాలేస్తుంది. డబ్బిచ్చి నాభిని పైకెత్తుకుంటున్నారు.

అన్నిటికన్నా పెద్ద తీసివేత బ్యాటరీ. ట్రెయిల్ మీద గంటలు తిరిగే బండికి రెండు సెల్లుల 5000 మిల్లీఆంపియర్ అవర్ల లైపో వేస్తారు, దాదాపు 300 గ్రాములు. పోటీ కోర్సు కొద్ది నిమిషాల పని. మూడు సెల్లుల 850 లైపో 80 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది, అందులో తొమ్మిది వాట్ అవర్లకు పైగా శక్తి ఉంటుంది. కిలోన్నర బండిని పది మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి కావలసినది వాట్ అవర్‌లో ఇరవై అయిదో వంతు. మిగిలినదంతా మోటారు వేడికి, గేర్ల రాపిడికి, స్టీరింగ్ సర్వో మొండితనానికి పోతుంది. అవి ఎంత తిన్నా చిన్న బ్యాటరీ సరిపోతుంది. ఒకే మోటారున్న షాఫ్టీకి ఇది మరీ సులువు. ఎంఓఏ రెండు మోటార్లను పోషించాలి, బ్యాటరీ తగ్గించేందుకు దానికి అంత చోటు లేదు.

రబ్బరు విషయంలో బరువు నిజంగానే మాట్లాడుతుంది. బడిలో చెప్పిన ఘర్షణ సూత్రంలో పట్టు బరువుకు అనుపాతం, కాబట్టి తేలికైనా బరువైనా జారే వాలు ఒకటే. మెత్తటి టైరు రబ్బరు ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు. దాని మీద ఒత్తిడి పెరిగేకొద్దీ ఘర్షణ గుణకం కొంత తగ్గుతుంది. అంటే తేలిక బండికి ఇక్కడ చిన్న లాభం. ఆ లాభాన్ని మింగేసేది టైరు లోపలి ఫోమ్. రాయి గరుకులోకి టైరు ఒదిగిపోవాలంటే బరువు దాన్ని నొక్కాలి. రెండు కిలోల బండికి సరిపోయిన ఫోమ్ కిలోన్నర బండిలో కర్రలా ఉంటుంది, టైరు రాతిని కౌగిలించుకోవడం మానేసి మొనల మీద నిలబడుతుంది. అందుకే తేలిక బండి కట్టేవాడు బయట మెత్తగా, లోపల గట్టిగా ఉండే రెండు పొరల ఫోమ్ వెతుక్కుంటాడు. మెత్తటి పొర ఒదుగుతుంది, గట్టి పొర పక్కవాలు మీద టైరు మడత పడకుండా ఆపుతుంది. గ్రాముల మీద నెలలు గడిపి ఫోమ్ మార్చని బండ్లు కనిపిస్తాయి. వాటి యజమానులు ఛాసిస్‌ను తిడుతుంటారు.

బరువు ముందుకు జరపడం దగ్గర రెండు బండ్ల గుణాలు మళ్లీ విడిపోతాయి. షాఫ్టీలో జరపడానికి సరుకుంది. మోటారు, బ్యాటరీ, కంట్రోలర్ అన్నీ ముందుకు తోసి నూటికి అరవై వంతులు ముందు, నలభై వెనక చేయవచ్చు. పైన చెప్పిన 82.5 మిల్లీమీటర్ల నాభితో ఇది కలిస్తే వెల్లకిలా పడే కోణం 66 డిగ్రీలు దాటుతుంది. ఎంఓఏలో ముందొక మోటారు, వెనకొక మోటారు. దాదాపు సమాన బరువులు, కదలవు. బ్యాటరీ తప్ప జరిపేందుకు ఏమీ లేదు, ఇంకా కావాలంటే ముందు రిమ్ముల్లో సీసం అంటించాలి. అలా అంటించక సమంగా వదిలేస్తే అది 61, 62 డిగ్రీల దగ్గర ఆగుతుంది.

యాభై డిగ్రీల వాలు మీద ఈ తేడా ఇంకా స్పష్టం. మొదటి, సవరించని షాఫ్టీలో ఆ వాలు మీద 88 వంతుల బరువు వెనక చక్రాల మీదికి జారిపోతుంది, ముందు చక్రాలు ఊరికే రాతిని తడుముతుంటాయి. తీసివేతలన్నీ అయి, బరువు ముందుకు జరిపాక వెనక 71, ముందు 29. ఎంఓఏలో వెనక 82 వంతులు. అంటే ఎక్కుడులో ఎక్కువ భాగం వెనక మోటారు ఒక్కటే లాగాలి, ముందుదానికి పని దొరకక తిరిగిపోతుంటుంది. షాఫ్టీలో ఉన్నది ఒకే మోటారు, నాలుగు చక్రాలూ దానికి గట్టిగా ముడిపడి ఉంటాయి గనుక పట్టు ఏ చక్రానికి దొరికితే బలమంతా అక్కడికి పోతుంది. మెలిక లేని ఎంఓఏను మెచ్చుకునేవాళ్లు ఈ లోటును గురించి మాట్లాడరు. మోటారు రెండింతలైనా అత్యవసరంలో సగమే పనికొస్తుంది.

దిగుడులో మాత్రం తీర్పు తిరగబడుతుంది. ముందు మొగ్గున్న బండికి దిగేటప్పుడు అదే శాపం. మన 60–40 షాఫ్టీ మూతి మీదుగా బోల్తా పడటానికి 57 డిగ్రీలు చాలు, సమబరువు ఎంఓఏ 61 దాకా తట్టుకుంటుంది. కోర్సు వేసినవాడు తెలివైనవాడైతే ఎక్కిన బండను దిగే గేటు ఒకటి పెడతాడు. అప్పుడు షాఫ్టీ నడిపేవాడు వాలుకు అడ్డంగా దించే దారులు వెతకాలి. దారి తప్పితే దిద్దుకునే వ్యవధి చిన్న బండికి ఉండదు. నలభై సెంటీమీటర్ల మీదనుంచి పడటానికి మూడో వంతు సెకను కూడా పట్టదు. పదింతలు పెద్ద జీపు నాలుగు మీటర్ల నుంచి పడటానికి దాదాపు ఒక సెకను. పెద్ద బండి డ్రైవరు ఒరిగే బండిని స్టీరింగ్ తిప్పి పట్టుకోగలడు. చిన్నదాని దగ్గర వేలు కదిలేలోపే అంతా అయిపోతుంది, అప్పటికే కొలతలు కాపాడాలి.

అన్నట్టు, ఘనపరిమాణంలో వెయ్యో వంతు లెక్క చూసుకుంటే 1800 కిలోల నిజమైన రాక్ బగ్గీకి పదో వంతు నమూనా 1.8 కిలోలు తూగాలి. అచ్చం ల్యాండ్ రోవర్‌లా కనిపించే మూడు కిలోల ట్రెయిల్ బండ్ల కన్నా, ఏ వాహనానికీ పోలికలేని ఈ కార్బన్ ఎముకల గూళ్లే బరువులో నిజానికి దగ్గరగా ఉన్నాయన్నమాట. పోలికను చూపుతో కొలిచేవాళ్లకు ఇది రుచించదు.

నిబంధనలు రాసేవాళ్లకు ఈ రెండు జాతుల మధ్య పోటీ సమం కాదని తొందరగానే తెలిసింది. అందుకే 2.2లోనే ప్రో, స్పోర్ట్స్‌మన్ అని రెండు తరగతులయ్యాయి. స్పోర్ట్స్‌మన్‌లో ఎంఓఏకు, వెనక స్టీరింగ్‌కు, ‘డిగ్’కు చోటు లేదు. ఎంఓఏ అసలు బలం ఈ డిగ్‌లోనే ఉంది. వెనక మోటారును ఆపి ముందుది లాగిస్తే బండి వెనక చక్రాల మీద చుట్టూ తిరుగుతుంది. రెండు మోటార్లు వేరువేరు గనుక ఎంఓఏకు ఇది ఒక తీగతో, ఒక స్విచ్చుతో అయ్యే పని. షాఫ్టీలో అదే కావాలంటే వెనక షాఫ్టును విడదీసి బిగపట్టే యంత్రాంగం, దాన్ని కదిపే మరో సర్వో కావాలి. అవీ ఎక్కడో పైనే బిగించాలి, అంటే ఇన్నాళ్లు చెక్కి దించిన గ్రాముల్లో కొన్ని తిరిగి అదే ఎత్తుకు ఎక్కుతాయి. ప్రో తరగతిలో తేలిక షాఫ్టీ ఎక్కుడు గేట్ల దగ్గర సంపాదించిన ఆధిక్యం అంతా ఒక ఇరుకు మలుపు గేటు దగ్గర మూడు నాలుగుసార్లు వెనక్కి వేయడంతో, ఒక గుర్తుకు చక్రం తగలడంతో పోతుంది. స్పోర్ట్స్‌మన్‌లో ఆ మలుపు అందరికీ ఒకేలా కష్టం. అక్కడ పోటీకి దిగేవాడికి నా సలహా స్కార్పియన్ వంశమే, బరువు పైనుంచి తీయాలన్న షరతు మీద. ప్రోలో దిగేవాడు ఎక్స్ఆర్10 వంశాన్ని తీసుకుని, కత్తెర పక్కన పెట్టి, ముందు రిమ్ముల్లోకి కాస్త సీసం కొనుక్కోవడం మంచిది.